బుల్లియ్య తీసేసినవి

ఉదయం తొమ్మిది కొట్టేసరికి బుల్లియ్య పెళ్ళికొడుకు ఆవులింతలు మూడు తీసేశాడు. నాలుగోది సరిగ్గా ముహూర్తం దగ్గర వచ్చింది. నెత్తిన జీలకర్రా బెల్లం పెట్టించుకుంటూ పెళ్ళికొడుకు నోరంతా తెరిచేశాడు. పాపం, అతని తప్పేమీ లేదు. జంగారెడ్డిగూడెం నుంచి వ్యానులో కుదుపులు తింటూ వచ్చి, కంటి మీద కునుకు లేకుండా తెల్లవారుజాము ముహూర్తానికి పీటల మీద కూర్చున్నవాడు ఆవులించక ఏం చేస్తాడు? బుల్లియ్య మిషన్ చక్రాన్ని బొటనవేలితో వెనక్కి తిప్పి, ఆవులింత మొదలయ్యే చోట ఆపి, అక్కడ సన్నాయి వాయించే ఆయన బుగ్గలు వేశాడు. బుగ్గలు ఉబ్బాయి, డోలు మోగింది, మళ్ళీ పెళ్ళికొడుకు కనబడేసరికి పెదాలు మూసుకుని బుద్ధిమంతుడిలా ఉన్నాడు.

"ఇప్పుడు బాగున్నావు నాయనా" అన్నాడు బుల్లియ్య టీవీతో.

రామచంద్రపురంలో ద్రాక్షారామం రోడ్డు మీద జానకిరామ్ గారి ఫొటో స్టూడియో ఉంది. దాని మేడ మీది గది బుల్లియ్యది. పెళ్ళిలో తీసిన నాలుగైదు క్యాసెట్లను చూసి, పనికిరానివి కోసి, పనికొచ్చేవి అతికి, పాటలు కలిపి, మూడు గంటల ఒక్క క్యాసెట్టుగా చెయ్యడాన్ని అక్కడ మిక్సింగ్ అంటారు. ఆ పని పదకొండేళ్ళుగా బుల్లియ్య ఒక్కడే చేస్తున్నాడు. కిటికీలకి నల్లగుడ్డ కొట్టి ఉంటుంది. బల్ల మీద రెండు టీవీలు, మూడు వీసీఆర్లు, ఒక మిక్సర్ మిషన్. ఉన్న ఒక్క టేబుల్ ఫ్యాను మిషన్ల వైపు తిరిగి ఉంటుంది, అతని వైపు కాదు. వేడెక్కితే మిషన్లు మొరాయిస్తాయి. బుల్లియ్య మొరాయించిన రోజు ఇంతవరకూ లేదు.

పొట్టిగా, బొద్దుగా ఉంటాడు. యాభై నాలుగేళ్ళు. పదకొండేళ్ళు ఒకే పక్కకి వంగి కూర్చోవడంతో కుడిభుజం ఎడమదాని కంటే రెండంగుళాలు దిగింది. చక్రం తిప్పీ తిప్పీ బొటనవేలు కాయ కాసింది. గళ్ళ లుంగీ, చేతుల బనియను, మెడ చుట్టూ తడిపి పిండిన తువాలు. వీధిలో ఎదురైతే ఎవరూ రెండోసారి చూడరు. పెళ్ళి క్యాసెట్టు మొదట్లో గులాబీలు విచ్చుకుంటూ జానకిరామ్ గారి పేరు పడుతుంది, కెమెరా పట్టిన గణేష్‌బాబు పేరు పడుతుంది. బుల్లియ్య పేరు ఎక్కడా పడదు. పడాలని అతనికీ లేదు.

అతనిది సముద్రం ఒడ్డున వేటకెళ్ళే కుటుంబం. తండ్రి గుమ్మంలో కూర్చుని వల కంతలు పూడుస్తూ ఉంటే, ముడి ఎక్కడ పడిందో చేత్తో తడిమినా తెలిసేది కాదు. బుల్లియ్యకి పడవ పడలేదు. పడవెక్కితే వాంతులు. పద్దెనిమిదేళ్ళప్పుడు పారిపోయి వచ్చి ఒక టూరింగ్ టాకీసులో ఆపరేటరుగా కుదిరాడు. రీలు తెగితే జిగురు పెట్టి అతికేవాడు. ఆఖరి బస్సు వేళ దగ్గరపడితే, జనం బస్సు అందుకోవాలని ఒక పాటా, రెండు ఫైటింగులూ ఎగరగొట్టి, కథ తెగకుండా ముగింపుకి చేర్చేవాడు. ఆ టాకీసు మూతపడ్డాక జానకిరామ్ గారు వచ్చి, "మా దగ్గర కూర్చుంటావేంటి?" అన్నారు. అంతే, కూర్చున్నాడు.

కోయడం ఎవరైనా కోస్తారు. కోసినట్టు తెలియకుండా కోయడం బుల్లియ్య గొప్ప. పెళ్ళి అంటే అందరూ పట్టుచీరలూ నగలూ అనుకుంటారు గానీ, క్యాసెట్టు నిండా ఉండేది వేరు. విస్తరి ముందు బుగ్గలు రెండూ నింపుకుని కెమెరా చూసి బిక్కచచ్చిపోయే పెద్దమనిషి, బ్యాండు ముందు పంచె ఊడిందని తెలియకుండా గెంతే మేనమామ, మెట్లెక్కుతుంటే ఓణీ జారిన పిల్ల, కాఫీలో పంచదార తక్కువైందని గ్లాసు విసిరిన ఆడపడుచు మొగుడు. ఇవన్నీ బుల్లియ్య చూస్తాడు. చూసి తీసేస్తాడు. తీసేసిన చోట వెయ్యడానికి అతని దగ్గర ఒక క్యాసెట్టుంది. అందులో అరటిగెల, మామిడి తోరణం, గాడిపొయ్యి మీద ఉడికే గుమ్మడికాయ పులుసు ఉంటాయి. ఆ అరటిగెల ఇప్పటికి వందకు పైగా పెళ్ళిళ్ళలో వేలాడింది. ఒక్కరూ పోల్చుకోలేదు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా బుల్లియ్యకి లోపల్లోపల నవ్వొస్తుంది.

ఇంకో ఊళ్ళో ఎవరో చేసిన క్యాసెట్టులో వియ్యపురాలు అరిసెలు సంచిలో కుక్కుకోవడం కనబడి, పురిటికెళ్ళిన కోడలు ఏడాది దాకా కాపరానికి రాలేదు. బుల్లియ్య చేసిన క్యాసెట్టు చూసి కాఫీ గ్లాసు కూడా ఎవరూ కింద పెట్టలేదు. పదకొండేళ్ళు. అది ఎవరికీ చెప్పుకోవడానికి వీల్లేని గర్వం. చెప్పాలంటే ఏం తీసేశాడో చెప్పాలి కదా!

ఇప్పుడు చేస్తున్నది ద్రాక్షారామం పల్లంరాజు గారింటి పెళ్ళి. తమ్ముడి కూతురు దేవిశ్రీకి ఆయనే చేశాడు. తమ్ముడు పోయి పదిహేనేళ్ళయింది. పల్లంరాజు గారూ, ఆయన భార్య శ్యామలాంబ గారూ పీటల మీద కూర్చుని కన్యాదానం చేశారు. మూడు రోజులుగా బుల్లియ్య ఆ క్యాసెట్ల మీదే ఉన్నాడు. అంతా అయిపోయింది, ముహూర్తం ముక్క తప్ప. ఏ పెళ్ళికైనా ముహూర్తాన్ని చివరికి ఉంచుకోవడం అతని అలవాటు. క్యాసెట్టు మధ్యలో దానికి సరిపడా ఖాళీ వదిలి, మిగతాదంతా పూర్తయ్యాక, తీరుబడిగా కూర్చుని ఆ ఖాళీ నింపుతాడు.

నాలుగో ఆవులింత దాటాక, గట్టిమేళం మోగింది. నలువైపుల నుంచీ అక్షింతలు పడుతున్నాయి. పెళ్ళికూతురు తల వంచుకుని ఉంది. బొమ్మకి ఎడమ అంచు నుంచి ఒకావిడ వచ్చింది. నలభై ఐదేళ్ళుంటాయి. లేత నీలం నేతచీర, బొట్టు లేని నుదురు, మోచేతి దాకా అంటిన శనగపిండి. వంట దగ్గర నుంచి పరుగున వచ్చినట్టుంది. ఆయాసపడుతూనే ముఖమంతా వెలుగుతోంది. అక్షింతలు పట్టుకున్న పిడికిలి పైకెత్తింది. ఆ పిడికిలి విప్పబోయేలోపల, పీటల మీద నుంచే వెనక్కి తిరిగిన శ్యామలాంబ గారి చెయ్యి వచ్చి ఆవిడ మణికట్టు పట్టేసుకుంది. నిండా గాజులున్న చెయ్యి.

"నువ్వెందుకొచ్చావే ఇక్కడికి, శుభమా అని జరుగుతుంటే? అవతలికి పో" అంది.

మేళం హోరులో పక్కవాళ్ళకి వినబడి ఉండదు. కెమెరా మైకు మాత్రం అక్షరం వదల్లేదు. ఆవిడ వెనక్కి అడుగు వేసింది. ఎత్తిన చెయ్యి దించింది. అటూ ఇటూ చూసి, ఎవరూ చూడలేదని అనుకుని, ఎవరి కోసమో తెలియని ఒక నవ్వు నవ్వి, బొమ్మలోంచి వెళ్ళిపోయింది.

బుల్లియ్య మిషన్ ఆపేశాడు. పదకొండేళ్ళలో తిట్లు విన్నాడు, కొట్లాటలు చూశాడు. ఆ నవ్వు మాత్రం ఎప్పుడూ చూడలేదు. తువాలుతో ముఖం తుడుచుకున్నాడు.

పది గంటలకి మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. పల్లంరాజు గారు. తెల్లపంచె, చేతికర్ర, బలమైన మనిషి. ఎండకి ముఖం కందిపోయింది. స్టూలు మీద కూర్చుని కళ్ళజోడు తీసి తుడవడం మొదలెట్టాడు.

"ఏమయ్యా బుల్లియ్యా, అయిందా? మూడున్నర బస్సుకి అమ్మాయిని తీసుకుని బయల్దేరాలి. రేపు జంగారెడ్డిగూడెంలో వియ్యంకుడి గారింట్లో చుట్టాలందరూ కూర్చుని చూస్తారంట."

"అయిపోతుందండి. ముహూర్తమొక్కటే ఉందండి."

"ఆ ముహూర్తం సంగతే." కళ్ళజోడు తుడవడం ఆపలేదు. "మా ఆడవాళ్ళు ఏదో... నువ్వు చూసే ఉంటావు."

"చూశానండి."

"అది మొత్తం తీసెయ్. మా మరదలు కనబడే ముక్కే ఉండకూడదు. ఏ గొడవా ఉండదు."

"ఆయ్, అలాగేనండి" అన్నాడు బుల్లియ్య. పదకొండేళ్ళుగా అనేదే.

పల్లంరాజు గారు కళ్ళజోడు పెట్టుకుని, ఆగిపోయిన టీవీ వైపు చూడకుండా లేచి వెళ్ళిపోయాడు. చెడ్డవాడు కాదు. తమ్ముడి పిల్లని తన పిల్లలా చదివించాడు, ఊరంతా చెప్పుకునేలా పెళ్ళి చేశాడు. భార్యని ఆ ఒక్క మాట అడగడానికి మాత్రం నోరు రాలేదు.

అరగంట తరవాత తలుపు దగ్గర ఎవరో నిలబడ్డట్టు నీడ పడింది. బుల్లియ్య తల తిప్పాడు. అదే లేత నీలం చీర. చెప్పులు నాలుగు మెట్ల కిందే వదిలేసి వచ్చింది. బుల్లియ్య గభాలున లేచి టీవీకి అడ్డంగా నిలబడ్డాడు.

"నేను దేవిశ్రీ తల్లినండి. రత్నమాణిక్యం అంటారు. అమ్మాయి పెళ్ళి క్యాసెట్టు చేసేది మీరేనాండి, అన్నయ్యగారూ?"

"ఆయ్, నేనేనమ్మా. కూర్చోండి."

కూర్చోలేదు. కూరల సంచీ చేతులు మార్చుకుంది. "గుడికని చెప్పి వచ్చానండి. ముహూర్తమప్పుడు నేను చెయ్యెత్తిన చోటు ఒకటుంటుందండి. అది తీసేస్తారా?"

"పల్లంరాజు గారు చెప్పి వెళ్ళారమ్మా."

"బావగారు చెప్పారాండి!" ఆవిడ ముఖం తేలికపడింది. "మంచిదండి. అమ్మాయి చూడలేదండి అది, తలొంచుకునుంది. ఇప్పుడు గానీ చూసిందంటే ఊరుకోదు. పెద్దమ్మతో మాటలు మానేస్తుంది. రేపు పురిటికైనా పండక్కైనా దానికి ఆ ఇల్లే కదండీ పుట్టిల్లు."

బుల్లియ్య బల్ల మీది క్యాసెట్ల వైపు చూశాడు. "మరి మీరు ఇంకెక్కడ ఉన్నారమ్మా ఈ పెళ్ళిలో?"

రత్నమాణిక్యం ఆలోచించింది. "వంటల దగ్గరున్నానండి. అప్పగింతలప్పుడు కారు దాకా వెళ్దామనుకున్నాను గానీ, శ్యామలాంబక్క లోపలుండమందండి. ఇంకెక్కడా లేనేమోనండి." ఆ మాట తనకే కొత్తగా వినబడినట్టు ఒక్క క్షణం ఆగింది. "పర్లేదండి. నేను పెళ్ళి చూశాను కదా, చాలు."

ఆవిడ మెట్లు దిగుతున్నంత సేపూ బుల్లియ్య నిలబడే ఉన్నాడు. తరవాత నాలుగు క్యాసెట్లూ ఒకదాని తరవాత ఒకటి మిషన్‌లో పెట్టి, మొదటి నుంచీ వేగంగా తిప్పి చూశాడు. మూడు రోజులుగా చూస్తున్నవే. ఇంతవరకూ ఆవిడ కోసం చూడలేదు. గాడిపొయ్యి పొగలో ఒక మోచెయ్యి దొరికింది. స్తంభం పక్కన చీర అంచు ఉంది. భోజనాల బంతి వెనక నుంచి "ఆ చివరాయనకి పెరుగు వెయ్యలేదు చూడండి" అని ఒక గొంతు ఉంది. ముఖం లేదు. ముఖం ఉన్నది ఆ ఒక్క చోటే.

అంటే, వీళ్ళిద్దరూ అడిగినట్టు ఆ ముక్క కోసేస్తే, దేవిశ్రీ పెళ్ళిలో దేవిశ్రీ తల్లి ఉండదు.

బుల్లియ్య కుర్చీలో వెనక్కి వాలాడు. అతని తల్లి చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగేది. పోయి ముప్ఫై ఏళ్ళు. ఒక్క ఫొటో లేదు. తట్ట గుర్తుంది, తట్ట కింద చుట్టకుదురు గుర్తుంది, ముఖం సరిగ్గా గుర్తు రాదు. రోజూ వంద ముఖాలు ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ చూసేవాడికి ఆ ఒక్క ముఖమూ దొరకదు. ఆ బాధ అతను భార్య లోవమ్మకి కూడా ఎప్పుడూ చెప్పలేదు. అరటిగెల వేసి కప్పే ఖాళీ కాదది.

"ఈవిణ్ణి మాత్రం తియ్యను" అన్నాడు పైకే.

పదకొండున్నరయింది. ఇంకా నాలుగు గంటల టైముంది.

ఆవిడ బొమ్మలోకి వచ్చినప్పటి నుంచి శ్యామలాంబ గారి గాజులు కనబడేలోపల, సరిగ్గా రెండు సెకన్లు. రెండు సెకన్లంటే రెప్పపాటు. చుట్టాలు జంతికలు కొరుక్కుంటూ చూసే చూపుకి అది ఆననే ఆనదు. బుల్లియ్య దాన్ని నెమ్మది చేశాడు. రెండు సెకన్లు ఆరయ్యాయి. ఆవిడ నీళ్ళలో నడిచినట్టు వచ్చింది, ముఖం మెల్లగా వెలిగింది, పిడికిలి మెల్లగా లేచింది. బాగుంది. కానీ అలా నెమ్మది చేసినప్పుడల్లా బొమ్మ అడుగున ఒక తెల్లగీత వణుకుతుంది, ఆ మిషన్‌కున్న జబ్బది. దాన్ని కప్పడానికి మిక్సర్‌లో ఉన్న పూల చట్రం తెచ్చి చుట్టూ పెట్టాడు. ఆ గులాబీల చట్రమంటే బుల్లియ్యకి ఒళ్ళుమంట. ప్రతి పెళ్ళివాళ్ళూ అడుగుతారు, ప్రతిసారీ మనసులో తిట్టుకుంటూ పెడతాడు. ఇవాళ మొదటిసారి ఇష్టంగా పెట్టాడు.

పిడికిలి లేచింది. తరవాత? అక్షింతలు పడాలి. దేవిశ్రీ నెత్తి మీద అక్షింతలు పడే బొమ్మలు రెండో క్యాసెట్టులో కావలసినన్ని ఉన్నాయి. ఎవరెవరి చేతుల్లోంచి పడ్డాయో వాటికి పేర్లుండవు. ఎడమ వైపు నుంచి పడేది ఏరి అతికాడు. రత్నమాణిక్యం పిడికిలి లేచింది, పసుపు బియ్యం కూతురి పాపిటి మీద రాలాయి. మేళం గట్టిగా మోగించి, ఆ మాటని హోరు కిందే ఉంచేశాడు.

చూసుకున్నాడు. ఏదో తక్కువైంది. మళ్ళీ చూశాడు. ఆ పిల్ల తల ఎత్తలేదు. తల్లి అక్షింతలు వేస్తే ఏ పిల్లైనా ఒక్కసారి తలెత్తి చూస్తుంది.

దాని కోసం మధ్యాహ్నం పోయింది. దేవిశ్రీ నవ్విన చోట్లు చాలానే ఉన్నాయి. బిందెలో ఉంగరం తీసినప్పుడు పగలబడి నవ్వింది, కానీ మెడలో దండ లేదు. దండ ఉన్న చోట కుడివైపు చూస్తోంది. ఎడమకి చూసిన చోట నుదుటి బాసికం పక్కకి జరిగిపోయింది. బుల్లియ్య క్యారియరు విప్పి, చింతచిగురులో వేసిన చిన్నరొయ్యల కూర కలుపుకుని, ఎడమచేత్తో చక్రం తిప్పుతూ తిన్నాడు. ఏం తిన్నాడో నాలిక్కి తెలియలేదు. భుజం సలుపుతోంది. రెండు దాటింది.

రెండూ ఇరవైకి దొరికింది. రెండో క్యాసెట్టు చివర, ముహూర్తమైన కాసేపటికి కళ్యాణమండపంలో కరెంటు పోయింది. గణేష్‌బాబు కెమెరా ఆపడం మరిచిపోయినట్టున్నాడు. నిమిషంపాటు చీకట్లో గోల, పిల్లల ఈలలు. ఉన్నట్టుండి కరెంటొచ్చింది. మండపమంతా ఒక్కసారి వెలిగింది. దేవిశ్రీ దండతో, బాసికంతో, నెత్తిన బియ్యపు గింజలతో తలెత్తి, ఎడమవైపు చూసి, నోరారా నవ్వింది. మూడు సెకన్లు. అది కరెంటొచ్చినందుకు నవ్విన నవ్వు.

"ఇదేనమ్మా, ఇదే" అన్నాడు బుల్లియ్య.

అతికాడు. తల్లి చెయ్యెత్తింది. అక్షింతలు రాలాయి. కూతురు తలెత్తి తల్లిని చూసి నవ్వింది. ఎక్కడ కోశాడో, ఎక్కడ అతికాడో అతనికే ఒక క్షణం తెలియలేదు. తన పనిని తను ఎప్పుడూ రెండోసారి చూడనివాడు, ఐదుసార్లు చూశాడు. కళ్ళు తుడుచుకుని ఆరోసారి చూశాడు. తండ్రి బతికుంటే పిలిచి చూపించాలనిపించింది.

మూడింటికి పల్లంరాజు గారు వచ్చాడు. ఆడవాళ్ళని బస్టాండులో కూర్చోబెట్టి వచ్చానన్నాడు. క్యాసెట్టు చేతికిస్తుంటే, "ఆ చోటొకసారి చూపించు" అన్నాడు. బుల్లియ్య వేశాడు.

గట్టిమేళం మోగింది. గులాబీల మధ్య నుంచి రత్నమాణిక్యం వచ్చింది. పల్లంరాజు గారు స్టూలు మీద నిటారుగా అయ్యాడు. అంతా అయ్యాక బుల్లియ్య వైపు తిరిగాడు.

"ఇదేంటయ్యా? ఇలా జరగలేదు కదా."

"మీరు తీసెయ్యమన్నది తీసేశానండి. శ్యామలాంబ గారు ఆ చోట ఎక్కడా లేరండి. మాట కూడా లేదండి."

"మా మరదలు కనబడే ముక్కే వద్దన్నాను."

"అన్నారండి." బుల్లియ్య రెండు చేతులూ బల్ల మీద ఆనించాడు. పెళ్ళివాళ్ళకి ఎదురు చెప్పడం పదకొండేళ్ళలో ఇదే మొదలు. "అది కూడా తీసేస్తే ఈ మూడు గంటల్లో ఆ అమ్మాయికి తల్లి లేదండి. నాలుగు క్యాసెట్లూ వెతికాను. ఇది తప్ప లేదండి."

"వియ్యాలవారు ఏమైనా అంటే? ముహూర్తం వేళ, బొట్టు లేని మనిషి..."

"కన్నతల్లి అక్షింతలు వేస్తే అనేవాళ్ళెవరండి? అన్నవాళ్ళుంటే నా దగ్గరకి పంపించండి, నేను చెప్పుకుంటాను. ఇన్నేళ్ళలో నా క్యాసెట్టు చూసి ఎక్కడా మాట రాలేదండి. ఈ ఒక్కటీ నా మాట మీద తీసుకెళ్ళండి."

పల్లంరాజు గారు చేతికర్ర పిడిని అటూ ఇటూ తిప్పాడు. కింద రోడ్డు మీద బస్సు హారను వినబడింది.

"ఇంకోసారి వెయ్యి" అన్నాడు.

వేశాడు. "ఇంకోసారి." మళ్ళీ వేశాడు. మూడోసారి దేవిశ్రీ తలెత్తి నవ్వేసరికి, ఆయన కళ్ళజోడు తీసి, ఈసారి అద్దాలు కాదు, కళ్ళు తుడుచుకున్నాడు.

"మా తమ్ముడుంటే పీటల మీద కూర్చునేది ఆవిడే కదయ్యా" అన్నాడు. క్యాసెట్టు కండువాలో చుట్టుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

బుల్లియ్యకి చివరి పని ఒకటి మిగిలింది. రెండో క్యాసెట్టు మిషన్‌లో పెట్టి, శ్యామలాంబ గారి చెయ్యి వచ్చే చోట నుంచి రత్నమాణిక్యం వెళ్ళిపోయే దాకా దాని మీద ఖాళీ రికార్డు చేశాడు. ఎవరి పెళ్ళిదైనా అతను ఇదే చేస్తాడు. దాచుకుని నవ్వుకోడు, ఎవరినీ పిలిచి చూపించడు. ఇప్పుడిక ఆ మాట ఎక్కడా లేదు. ఆ నవ్వూ లేదు. చూసినవాడు ఒక్కడే, వాడు చెప్పడు.

సాయంత్రం ఇంటికెళ్ళి కాళ్ళు కడుక్కుంటూ, "ఇవాళ మంచి పని చేశానే" అన్నాడు భార్యతో.

"రోజూ చేసే పనే కదా" అంది లోవమ్మ, బియ్యం ఏరుకుంటూ.

"కాదే. ఇవాళ్టిది వేరు" అన్నాడు. అంతకు మించి చెప్పలేదు. ఆ పూట మాత్రం రెండుసార్లు మారు వడ్డించుకున్నాడు.

ఆషాఢంలో ఒక మధ్యాహ్నం అన్నం తిని, గదిలో కుర్చీలో వెనక్కి వాలిన బుల్లియ్య మళ్ళీ లేవలేదు. జానకిరామ్ గారు కాఫీకి పిలుద్దామని మేడ ఎక్కేసరికి, ఎదురుగా టీవీలో ఎవరిదో గృహప్రవేశంలో పాలు పొంగుతూనే ఉన్నాయి.

శ్రావణం మొదట్లో, నెల మాసికమయ్యాక, అతని బట్టలూ క్యారియరూ తీసుకెళ్ళడానికి లోవమ్మ ఆ గదికి వచ్చింది. కిటికీలకున్న నల్లగుడ్డలు తీసేసి ఉన్నాయి. ఆవిడ మూట కడుతుంటే గుమ్మంలో రత్నమాణిక్యం కనబడింది.

"అన్నయ్యగారు లేరాండి?"

లోవమ్మ చెప్పింది. రత్నమాణిక్యం గుమ్మాన్ని పట్టుకుని, అక్కడే కింద కూర్చుండిపోయింది. సంచీ ఒళ్ళో పెట్టుకుంది.

"ఆషాఢానికి మా అమ్మాయి వచ్చిందండి, క్యాసెట్టు తెచ్చింది. అందరం కూర్చుని చూశాం. నేను లేవబోయానండి, నన్ను తీసేసుంటారు కదా అని. అమ్మాయి కొంగు పట్టుకుని కూర్చోబెట్టింది. 'నువ్వు వేసినప్పుడే కదమ్మా నేను తలెత్తి నవ్వాను, నాకు బాగా గుర్తుంది' అందండి. దానికి గుర్తుందంట! మా అక్క కూడా అక్కడే ఉందండి. ఒక్క మాట అనలేదు. లేచి వెళ్ళి నాకూ ఒక గ్లాసు కాఫీ తెచ్చిచ్చింది."

లోవమ్మకి ఏమీ అర్థం కాలేదు. "ఏం చేశారండి మా ఆయన?"

"మా అమ్మాయి పెళ్ళి చేశారండి, వదినగారూ."

రత్నమాణిక్యం సంచిలోంచి కాగితం పొట్లం తీసి విప్పింది. అంచు పంచెల చాపు, కండువా. పురోహితుడికీ, మేళగాళ్ళకీ, పెళ్ళిలో చెయ్యేసిన ప్రతి ఒక్కరికీ బట్టలు పెడతారు. వీడియో మిక్సింగ్ చేసేవాడికి పెట్టడం ఎక్కడా లేదు. "పెళ్ళి చేసినాయనకి బట్టలు పెట్టాలి కదండీ. పెళ్ళిలో నా చేత్తో ఎవరికీ పెట్టనివ్వలేదు. ఈయనకి నేనే పెట్టుకుందామని తెచ్చానండి. ఇప్పుడెవరికి పెట్టను?"

లోవమ్మ కాసేపు ఆవిడ చేతుల వైపు చూసింది. మా ఆయన ఇంత పని చేశాడా అని, ఏడుపు మధ్యలోనే ఆవిడ ముఖం నిండా గర్వం వచ్చింది. లేచి, మూలనున్న కుర్చీని ముందుకు లాగి, పైటకొంగుతో తుడిచింది.

"ఇక్కడ పెట్టండి వదినగారూ. ఆయన కూర్చునేది ఇందులోనేనండి."

ఇద్దరూ మెట్లు దిగి వెళ్ళాక, ఖాళీ గదిలో ఆ కుర్చీ మీద కొత్త పంచెల చాపు ఉంది, మడత నలగకుండా, నాలుగు మూలలా తడి ఆరని పసుపుతో.